తదితరులు

నేలమాళిగలో జనవరి. కిటికీ లేదు గనక మంచు సంగతి
బూట్లు దులుపుకుంటూ వచ్చినవాళ్ళు చెబితేనే తెలుస్తుంది.
గంటకు ఇన్ని డాలర్లని నా పని:
సీసా మీది చీటీ చూడ్డం, పాత రిజిస్టర్లో వరుస వెతకడం,
రెండూ కలిస్తే కంప్యూటర్లోకి ఎక్కించడం.

నంబరు 4417.
పెదనోటి బాస్. ఒకటి.
మూడువందల పన్నెండు మిల్లీమీటర్లు, తోకరెక్క వదిలేసి.
తేదీ: 1934 జులై 9.
చోటు: మడ్ లేక్.
సేకరణ: ఇ. డబ్ల్యు. బ్రాన్‌స్టెడ్, తదితరులు.

మడ్ లేక్. బురద చెరువు.
మిషిగన్ ఉత్తరాన ఈ ఒక్క కౌంటీలోనే పదకొండున్నాయి.
పేరుపెట్టే ఓపిక లేనివాళ్ళు వచ్చిపోయినట్టున్నారు,
అంతకుముందు వాటికున్న ఒజిబ్వే పేర్లేమిటని
ఎవర్నీ అడక్కుండానే.
అక్షాంశం కావాలంటుంది కంప్యూటర్, రేఖాంశం కావాలంటుంది,
ఎంత దూరం దాకా తప్పు ఉండొచ్చో అదీ చెప్పమంటుంది.
నలభై కిలోమీటర్లు, అని కొట్టాను.
నలభై కిలోమీటర్ల వెడల్పు అబద్ధంలో
ఎక్కడో ఒక చేప ఈదుతోంది.

ప్రొఫెసర్ గారి చేతిరాత మాత్రం చూడముచ్చట.
వెన్నురెక్కకు ముళ్ళు పది, పక్కగీత మీద పొలుసులు అరవై నాలుగు.
ఒక్క ముల్లు జారిపోనివ్వలేదు.
పడవ ఎవరు తోశారో, గాలం ఎవరిదో,
ఆ రోజు దోమలకు ఎవరి రక్తం పోసిందో
ఆ ఊసు లేదు.
అదంతా తదితరులు.

మూత బిగుసుకుపోయింది. రబ్బరు గుడ్డ పట్టి తిప్పితే
స్పిరిటు ఘాటు కళ్ళల్లోకి.
ఆకుపచ్చ ఎప్పుడో వదిలేసింది, ఇప్పుడు చల్లారిన టీ రంగు.
పెదనోరని ఊరికే అన్నారా, దవడ కంటి వెనకదాకా పోయింది.
నోట్లో నువ్వుగింజ నానని మనుషుల్ని చూశాను.
దీని నోట్లో ఒక కాగితం చుట్ట
తొంభై ఏళ్ళుగా నానుతోంది.

ఊపిరి బిగబట్టి పట్టకారుతో లాగాను.
మామూలు సిరా అయితే కరిగేది. పెన్సిల్ గనక నిలిచింది.
వంకర అక్షరాలు. ఇంగ్లీషు కాదు.
పై అంతస్తులో తూనీగలకు సూదులు గుచ్చే ట్యూనె గారిని పిలిచాను.
ఎనభై రెండేళ్ళావిడ. ఫిన్నిష్ అంతా
వాళ్ళమ్మ తిట్లలోంచి నేర్చుకుందట.
ముందు తను చదువుకుని నవ్వింది, ఆ తర్వాతే నాకు చెప్పింది:

"ఇది నేను పట్టాను. మేం పాలక్యాన్లు కడిగే బల్ల కింద,
అహోనెన్ వాళ్ళ సామిల్లు దాటాక, తుంగ ఉన్న వైపు.
బొటనవేలు గీరుకుపోయింది.
ఆ సారు చేపకు ఐదు సెంట్లన్నాడు. మూడే ఇచ్చాడు.
సైమా. పదకొండేళ్ళు."

"ఆ సామిల్లు నాకు తెలుసు," అంది ట్యూనె.
"దాని పునాదిరాళ్ళ మీద కూర్చుని మా ఆయన
సిగరెట్లు మానేశానని మూడుసార్లు ఒట్టేశాడు."

నలభై కిలోమీటర్లు ముప్పై మీటర్లయింది.

సేకరణ గడిలో సైమా అని కొట్టాను.
ఇంటిపేరు? అని గడి ఎర్రబడింది.
ఇంటిపేరు లేనిదే ముందుకు పోనివ్వదట.
సూపర్‌వైజర్ ముందు నిలబడి నీళ్ళు నమిలాను.
"రిజిస్టర్లో ఉన్నదే ఎక్కాలి," అంది గ్రెట్‌షెన్, తల ఎత్తకుండా.
తర్వాత తల ఎత్తి,
"రిమార్కుల గడికి మాత్రం ఎవరూ నియమాలు రాయలేదు."

రిమార్కులు:
పట్టింది సైమా, 11. బొటనవేలికి గాయం.
ప్రొఫెసర్ నుంచి రావలసిన బాకీ, రెండు సెంట్లు.

చీటీ మళ్ళీ చుట్టి దాని నోట్లోనే పెట్టాను.
మూత బిగించాను.

4418. మడ్ లేక్.
ఇది నోరు మూసుకుని ఉంది.